బొటనవేలు లెక్కపెట్టిన ఖాళీలు

టైపు అత్తయ్య కుర్చీలో ఇంకెవరూ కూర్చోకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు. అయినా కోర్టు ఎదురు వీధిలో ఉన్న ఆ ఒంటిగది కొట్టుకి వచ్చేపోయేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. చెక్క కుర్చీ, దానిమీద రెండు పాత దిండ్లు, ఆ పైన ఆవిడ. యాభై ఆరేళ్ళ మనిషి, మోచేతులు ఒంటికి ఆనించుకుని నిటారుగా కూర్చుని టైపు చేస్తుంటే వేళ్ళు తప్ప ఇంకేమీ కదలవు. పెదాలు మాత్రం కొద్దిగా కదులుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు తమనే తిట్టుకుంటోందేమోనని అనుమానపడతారు. కాదు పాపం. ఆవిడ ఖాళీలు లెక్కపెట్టుకుంటుంది.

జాబితా ఏదైనా కొట్టాలంటే ఆవిడ పద్ధతి ఒకటే. పేర్ల వరసకి ముప్పై అక్షరాల చోటు అనుకుందంటే, పేరులో ఎన్ని అక్షరాలున్నాయో ఒక్క చూపులో పట్టేసి, ముప్పైలోంచి తీసేసి, మిగిలినన్నిసార్లు కుడి బొటనవేలితో పొడుగు మీట, అదే స్పేస్ బారు, నొక్కుతుంది. పద్నాలుగు అక్షరాల పేరుకి పదహారు నొక్కులు. ఇరవై రెండు అక్షరాల పేరుకి ఎనిమిది. అలా కొట్టిన కాగితం తీసి చూస్తే వరసలు దారం పట్టి గీసినట్టుంటాయి. వీధిలో ఇంకో మూడు టైపు కొట్లున్నా ప్లీడర్లు ఈ మెట్లే ఎక్కేది అందుకే. ఆ మాట ఎవరైనా పైకి అంటే "ఏదో లెండి" అని కొట్టిపారేస్తుంది కానీ, ఆ పూటంతా మొహంలో సంతోషం దాగదు.

కొడుకు పెళ్ళయి ఆరు నెలలయింది. అప్పట్నుంచీ కోడలు కూడా కొట్టుకి వస్తోంది. పెళ్ళికి ముందు గ్రంథాలయంలో కంప్యూటర్ల దగ్గర పనిచేసిన పిల్ల. అత్తయ్య ఆ పిల్లకి జిరాక్సు మిషను అప్పజెప్పింది, కాగితాలకి పిన్నులు కొట్టడం అప్పజెప్పింది, రెండో కంప్యూటరు మీద చిన్నాచితకా దరఖాస్తులు కొట్టనిచ్చింది. పెద్ద కాగితాలు మాత్రం ఇవ్వలేదు. కోపమేం లేదు, నమ్మకం కుదరలేదంతే. ఆ పిల్ల టైపు చేస్తుంటే పెదాలు కదలవు మరి.

ఆ సోమవారం పొద్దున ప్లీడరమ్మ స్వయంగా వచ్చింది. మామూలుగా గుమాస్తాని పంపే మనిషి. బట్టల మిల్లు ఒకటి మూసేసి నలభై ఆరుగురు ఆడవాళ్ళని చెప్పాపెట్టకుండా ఇంటికి పంపేసింది. వాళ్ళ తరఫున వాదిస్తోంది ఈవిడే. ఎవరు ఏ ఏడు చేరారు, ఎన్నేళ్ళు చేశారు, ఏ విభాగంలో చేశారు అన్న జాబితా శుక్రవారం కోర్టులో దాఖలు చేయాలి. అత్తయ్య అప్పటికే రెండు పేజీలు కొట్టి ఉంచింది. నాలుగు పేర్లు మార్చాలని ప్లీడరమ్మ ముక్కాలిపీట లాక్కుని పక్కనే కూర్చుంది.

తెర పైభాగాన అత్తయ్య ఒక అట్టముక్క అంటించుకుంది, దానిమీద అవసరమైన ఫోన్ నంబర్లు. జాబితాకి ఏం పేరు పెట్టారో చూద్దామని ప్లీడరమ్మ ఆ అట్టని వేలితో పైకెత్తింది. దానికింద ఎర్రగా ఒక చార.

"ఇదేమిటండీ?"

"అదా, కంపెనీవాళ్ళ ప్రకటనండీ. టీవీలో కిందనుంచి పోతుంటాయే, అలాంటిది. మిషన్లు బాగుచేసే ఆయన చెప్పాడు, పట్టించుకోవద్దని. కళ్ళకి అడ్డంగా ఉందని అట్ట అంటించాను."

ప్లీడరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ చారలో ఉన్నది చదివింది. ఈ ప్రతి అసలైనది కాదు, దీనికి అనుమతి లేదు అని ఉంది అందులో. చదివాక అట్టని మెల్లగా వదిలేసింది. అత్తయ్యకి ఎందుకో చెవులు వేడెక్కాయి.

ప్లీడరమ్మది మంచి నోరు. అయినా చెప్పాల్సింది చెప్పేసింది. పోయిన నెల వాళ్ళ ఆఫీసుకీ ఒక ఉత్తరం వచ్చిందట, మీరు వాడే ప్రోగ్రాములకి అనుమతి పత్రాలు చూపించమని. ఉన్నాయి కాబట్టి చూపించారట. మిల్లువాళ్ళ ప్లీడర్లు తన చెప్పుల రసీదు కూడా అడిగే రకమనీ, నలభై ఆరుగురి బతుకు చేతిలో పెట్టుకుని ఇలాంటి చోట దొరికిపోతే వాళ్ళకి మొహం చూపించలేననీ అంది. లేచి నిలబడి, తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి ఇంకో మాట అంది.

"జాబితా గురువారం సాయంత్రానికి కావాలి. అది మీ చేత్తోనే కావాలి. కానీ దొంగ ప్రతి మీద కొట్టింది నేను తీసుకోలేను, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అంటే మాత్రం అనుకోకుండా ఎలా ఉంటుంది? మిగిలిపోయిన కాగితం ముక్క కూడా పిలిచి ఇచ్చేసే మనిషి అత్తయ్య. జిరాక్సులో ఒక ప్రతి ఎక్కువొస్తే అది కూడా వాళ్ళ చేతిలోనే పెడుతుంది, ఎవరి రాత వాళ్ళ దగ్గరే ఉండాలని. పదకొండేళ్ళుగా ఆ అట్టముక్క కింద దొంగతనం పెట్టుకుని కూర్చున్నానా అనుకునేసరికి తల కొట్టేసినట్టయింది. అట్ట పీకేసింది. ఎర్రచార కేసి చూస్తూ కూర్చుంది. వెనకాల కోడలు జిరాక్సు మిషను ఆపేసింది.

మధ్యాహ్నం మిషన్లు బాగుచేసే ఆయన్ని పిలిపించింది. వీధిలో అందరూ ఆయన్ని కంప్యూటర్ డాక్టరంటారు. వస్తూనే ఈ మాత్రానికేనా పిలిచారు అన్నట్టు నవ్వాడు. వీధి మొత్తం వాడేది ఇదేనట, ఎర్రచార కనబడకుండా చేసే ఉపాయం తన దగ్గర ఉందట, పది నిమిషాల పనట.

"పదకొండేళ్ళలో ఒక్కసారైనా నాకు చెప్పలేదేం?" అంది అత్తయ్య.

"చెబితే మీరు వాడేవారా?"

ఆవిడ గొంతు పెంచలేదు. నిన్ను నమ్మి నేను దొంగనయ్యానయ్యా అని మాత్రం అంది. ఆయన సంచి సర్దుకుని చల్లగా జారుకున్నాడు.

మంగళవారం పొద్దున టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి టీపొడి డబ్బా పట్టుకుంటే మూత ఇట్టే ఊడి వచ్చింది. చక్కెర డబ్బాదీ అంతే. ఈమధ్య ఇంట్లో మూతలన్నీ వదులైపోతున్నాయి, మరలు అరిగిపోయినట్టున్నాయి, కొత్త డబ్బాలు కొనాలి అని గొణుక్కుంది. అలా గొణుక్కుంది కానీ లోపల సంతోషమే. కుడి బొటనవేలి మొదట్లో కణుపు వాచి ఏడాది దాటింది. మూత తిప్పాలంటే ప్రాణం పోయేది. ఆ సంగతి కొడుక్కి చెప్పలేదు, కోడలికి అసలే చెప్పలేదు. టైపు చేసేవాళ్ళు వేలు నొప్పి అన్నారంటే ఇంకేముంది, కొట్టు మూసేయమంటారని భయం.

ఆ పూట కొట్టు కోడలికి వదిలి పెద్ద బజారులో ప్రోగ్రాములమ్మే దుకాణానికి వెళ్ళింది. లోపల చల్లగా, అద్దాల మధ్య, మెడలో పట్టీ వేసుకున్న అమ్మాయి చాలా మర్యాదగా కూర్చోబెట్టింది. అసలైనది కావాలమ్మా అంది అత్తయ్య. ఆ అమ్మాయి రెండు కంప్యూటర్లకీ కలిపి ఒక అంకె చెప్పింది. అత్తయ్య మంచినీళ్ళు అడిగి తాగి, సరే, ఒకసారి కొనేస్తే ఇంక నాదే కదా అంది. కాదటండీ, అది ఏడాదికట. ఏడాది తిరిగేసరికి మళ్ళీ కట్టాలట, కట్టకపోతే ఆగిపోతుందట.

"అంటే అద్దెకుండటమా?" అంది అత్తయ్య.

"అలాగే అనుకోండి మేడమ్."

కొట్టు అద్దెకి, ఇల్లు అద్దెకి, ఇప్పుడు అక్షరాలు కూడానా అనుకుంటూ బస్సెక్కింది. కొట్టు దగ్గర దిగేసరికి మొహం వాడిపోయి ఉంది. కోడలు మంచినీళ్ళిచ్చి, ఏమీ అడక్కుండా, కాసేపటికి తనే మెల్లగా చెప్పింది. గ్రంథాలయంలో వాళ్ళు అలాంటిదే ఇంకో ప్రోగ్రాం వాడేవాళ్ళట. ఉత్తరాలు కొట్టుకోవచ్చు, పట్టికలు వేసుకోవచ్చు, లెక్కలు చేసుకోవచ్చు. పాత కాగితాలూ అందులో తెరుచుకుంటాయట. దానికి ఏమీ కట్టక్కర్లేదట.

అత్తయ్య కళ్ళు చిన్నవి చేసింది. "ఏమీ కట్టకుండా ఎలా ఇస్తారే? ఇంకో ఎర్రచారా?"

"లేదత్తయ్యా. రాసినవాళ్ళే ఇస్తున్నారు. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు, ఖాళీ దొరికినప్పుడు తలా కాస్తా రాసి పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు అని వాళ్ళే రాసిచ్చారు."

"రాసిచ్చారా? ఏదీ, చూపించు."

కోడలు ఆ అనుమతి పత్రాన్ని అచ్చు తీసి చేతిలో పెట్టింది. చాలా పేజీలే వచ్చాయి. సాయంత్రం ఎండ వాలేదాకా అత్తయ్య చెక్క స్కేలు ఒక్కో పంక్తి కిందా జరుపుకుంటూ మొత్తం చదివింది. జీవితంలో వేల ఒప్పందాలు కొట్టిన మనిషి, ఎక్కడ మెలిక ఉంటుందో ఆవిడకి తెలుసు. రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూసింది. మెలిక దొరకలేదు. ఇస్తున్నామన్నవాళ్ళు నిజంగానే ఇచ్చేశారు. ముక్కు మొహం తెలియనివాళ్ళ కోసం ఇంత పని ఎవరు చేస్తారే అని ఆశ్చర్యపడింది. కోడలు నవ్వి ఊరుకుంది.

బుధవారం పొద్దున కోడలు రెండు కంప్యూటర్లలోంచీ పాతది పూర్తిగా తీసేసి కొత్తది పెట్టింది. అత్తయ్య ముక్కాలిపీట మీద కూర్చుని చూసింది. తర్వాత తన కుర్చీలోకి వచ్చి, చేతులు తుడుచుకుని, మిల్లు జాబితా తెరిచింది.

ఒక్క వరసా నిలబడి లేదు. పేర్లు ఒకచోట, ఏళ్ళు ఇంకోచోట. కొన్ని అంకెలు జారి కింది పంక్తిలో పడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళు నూలు విభాగంలో చేసిన ఆవిడ పేరు ఎదురుగా మూడని ఉంది. ఆ ముప్పై ఒకటి పోయి, నిరుడు చేరిన పిల్ల పక్కన కూర్చుంది.

"ఊరికే వచ్చింది ఊరికే వచ్చినట్టే ఉంది" అంది అత్తయ్య. కోడలు మొహం ఎర్రబడింది.

అత్తయ్య మొదటి పేరు దగ్గరనుంచి ఖాళీలు సరిచేయడం మొదలుపెట్టింది. ఇక్కడ రెండు తీసి, అక్కడ మూడు వేసి. ఒక పంక్తి కుదిరిందనుకుంటే కింది పంక్తి వెంట్రుకవాసి పక్కకి ఉంటుంది. ఒక్క నొక్కు నొక్కితే ఎక్కువవుతుంది, తీసేస్తే తక్కువవుతుంది. ముప్పై ఏళ్ళుగా తప్పని లెక్క ఇప్పుడు ఎందుకు తప్పుతోందో ఆవిడకి అంతు పట్టలేదు. పదకొండో పేరు దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు మొద్దుబారిపోయింది. చేతిని చీర కొంగు కింద దాచుకుని, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పుడు టైం మూడయింది. ఆ కొట్టు పెట్టినప్పట్నుంచీ మూడింటికి ఆవిడ ఇంటికెళ్ళడం అదే మొదలు.

గురువారం పొద్దున ఒక నిర్ణయానికి వచ్చింది. తన మిషను మీద కుదరకపోతే ఇంకొకరి మిషను మీద. ఎదుటి కొట్టాయన దగ్గరికి వెళ్ళి, గంటసేపు మీ కంప్యూటరు ఇస్తారా అని అడిగింది. అడగడానికి ఎంత చిన్నతనంగా అనిపించిందో ఆవిడకే తెలియాలి. ఆయన పాపం గబగబా లేచి కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టాడు. అత్తయ్య తెర కేసి చూసింది. పైభాగాన ఒక క్యాలెండరు ముక్క అంటించి ఉంది. వేలితో పైకెత్తింది. కింద ఎర్రచార.

"అదేం లేదండీ, కంపెనీవాళ్ళ ప్రకటన" అన్నాడాయన.

అత్తయ్యకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. క్యాలెండరు ముక్కని మళ్ళీ జాగ్రత్తగా అంటించేసి, ఇది ప్రకటన కాదండీ, వీలు చూసుకుని మా కోడల్ని అడగండి, అది చెబుతుంది అని లేచి వచ్చేసింది. రోడ్డు దాటుతుంటే తనకే వింతగా అనిపించింది, నిన్న ఆ పిల్లని అంత మాటన్న నోటితోనే ఇప్పుడు ఇలా చెప్పడం.

కొట్టు తలుపు దగ్గరే ఆగిపోయింది. కోడలు ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది.

రెండు దిండ్ల మీద ఆ పొడుగు పిల్ల మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. చూపు తెర మీదే ఉంది. తెర నిండా చుక్కలు. పేరుకీ ఏడుకీ మధ్య, ఏడుకీ అంకెకీ మధ్య, చీమలు బారులు తీరినట్టు సన్నటి నీలం చుక్కలు. కోడలు వాటిని చివరి పంక్తి దగ్గరనుంచి ఒక్కో పంక్తిలోంచీ తీసేస్తోంది.

"ఏం చేశావే నా కాగితాన్ని?"

కోడలు ఉలిక్కిపడి లేచి నిలబడింది. "ఏం లేదత్తయ్యా. ప్రోగ్రాంలో ఏదో తేడా. నేను సరిచేస్తున్నా, మీరు వచ్చేలోపల అయిపోతుందనుకున్నా."

వేరేవాళ్ళ తప్పులు పట్టుకోవడమే ఆవిడ వృత్తి. కోడలి కళ్ళు నేలమీదున్నాయి. అత్తయ్య ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "నిజం చెప్పమ్మా" అంది.

"ఇది నిన్న మీరు సర్దినది కాదు, మొదట కొట్టినదే మళ్ళీ తెరిచాను. ఈ చుక్కలు ఇప్పుడు వచ్చినవి కాదు. ఎప్పుడూ ఉన్నాయి, కనబడవంతే. ఇదిగో ఈ బొమ్మ నొక్కితే కనబడతాయి. పొడుగు మీట ఒకసారి నొక్కితే ఒక చుక్క."

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మొదటి పంక్తి దగ్గరికి వంగింది. పెదాలు కదిలాయి. పదహారు. పద్నాలుగక్షరాల పేరు, పదహారు చుక్కలు. రెండో పంక్తి, ఎనిమిది. మూడోది, పదకొండు. అన్నీ తనవే. ఏ ఒక్కటీ తప్పలేదు.

"లెక్క సరిగ్గానే ఉందిగా" అంది.

"లెక్క సరిగ్గానే ఉందత్తయ్యా. పాతదాంట్లో మీరు వాడిన అక్షరాలు టైపు మిషను అక్షరాల్లాంటివి. సన్నదైనా లావుదైనా ఒకే చోటు తీసుకుంటాయి. అవి పాతదాంతోపాటే పోయాయి, ఇప్పుడున్నవి ఒక్కోటి ఒక్కో వెడల్పు. ఆ అక్షరాలు లేని మిషను మీద ఎక్కడ తెరిచినా ఇది జారుతుంది. డబ్బు పోసి కొన్న ప్రోగ్రాం అయినా సరే." కొంచెం ఆగి, "ఈ రెండు పేజీల్లో ఎన్ని చుక్కలున్నాయో వెతకమంటే ప్రోగ్రామే లెక్క చెప్పింది. దగ్గర దగ్గర రెండు వేలు. మీ బొటనవేలు ఎందుకు వాస్తోందో నిన్ననే నాకు అర్థమైంది" అంది.

అత్తయ్య చెయ్యి అప్రయత్నంగా కొంగు కిందకి పోయింది. వేలి సంగతి ఈ పిల్లకెలా తెలుసు? ఆ సంగతి వదిలేసి తెర కేసి చూపించింది.

"మరి ఖాళీలు కొట్టకుండా వరసలెలా నిలబెడతారు?"

కోడలు కుర్చీ పక్కనుంచి వంగి, తెరమీద పైన ఉన్న స్కేలు మీద మూడుచోట్ల గుర్తు పెట్టింది. ఎడమవైపు చిటికెనవేలు దగ్గరున్న ట్యాబ్ మీట ఒక్కసారి నొక్కింది. అంకె గెంతి వెళ్ళి గుర్తు కింద నిలబడింది. ఇంకోసారి నొక్కితే ఇంకో గుర్తు కింద. కొత్త ప్రోగ్రాంలో అయినా, పాతదాంట్లో అయినా, ఎవరి మిషను మీదైనా అక్కడే ఉంటుందట.

అత్తయ్య ఆ మీట కేసి చాలాసేపు చూసింది.

"ఇలాంటి మీట నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లకీ ఉండేదే. నాకిచ్చింది నాలుగో నంబరు మిషను. దానికి ఆ మీట విరిగిపోయింది. మాస్టారు, ఖాళీలు లెక్కపెట్టుకో అమ్మా, బాగుచేయిస్తాను అన్నారు. బాగుచేయించలేదు." నవ్వబోయింది. నవ్వు సగంలో పాడైపోయింది. "ఒక విరిగిపోయిన మీట కోసం ఇన్నేళ్ళు నొక్కానుటే?"

కోడలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కొంగు కింద ఉన్న ఆ చెయ్యి బయటికి తీసి రెండు చేతుల్లోనూ పట్టుకుంది. వాచిన కణుపు మీద వేలు పెట్టలేదు, చుట్టూ పట్టుకుంది. అత్తయ్య లాక్కోలేదు. జిరాక్సు కోసం ఎవరో వచ్చి తలుపు దగ్గర దగ్గారు. అరగంట ఆగి రమ్మంది అత్తయ్య, అటు తిరక్కుండానే.

తర్వాత కోడలు కుర్చీని ఆవిడ వైపు జరపబోతే వద్దంది. "కూర్చో. నేను చదువుతాను, నువ్వు కొట్టు" అంది. చేతిరాత జాబితా ఒళ్ళో పెట్టుకుని, స్కేలు జరుపుకుంటూ, ఒక్కో పేరూ, ఒక్కో ఏడూ స్పష్టంగా చదివింది. కోడలు కొట్టింది. అయ్యాక కాగితాలు మార్చుకుని ఈసారి కోడలు చదివితే అత్తయ్య తెరమీద సరిచూసింది. నూలు విభాగంలో చేసిన ఆవిడ ఎదురుగా ముప్పై ఒకటి వచ్చి నిలబడ్డప్పుడు ఇద్దరూ ఒకేసారి హమ్మయ్య అనుకున్నారు. నాలుగింటికి అచ్చు తీశారు. ఒక ప్రతి పెన్ డ్రైవులో వేసుకుని, అనుమతి పత్రం కూడా మడిచి పట్టుకుని, ఇద్దరూ రోడ్డు దాటారు.

ప్లీడరమ్మ అనుమతి పత్రం పై పేజీ చదివి, చివరి పేజీ చదివి, తల ఊపింది. డ్రైవు గుమాస్తాకిచ్చింది. అతను తన కంప్యూటర్లో జాబితా తెరిచాడు. తెరిచి, మౌసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, మళ్ళీ చూశాడు.

"అమ్మగారూ, ఇవాళ జారలేదండీ" అన్నాడు.

ప్లీడరమ్మ అతన్ని కళ్ళతోనే వారించింది కానీ అప్పటికే ఆలస్యమైంది. ఏం జారలేదని అత్తయ్య అడిగింది. గుమాస్తా ప్లీడరమ్మ కేసి చూశాడు. చివరికి ప్లీడరమ్మే చెప్పింది. అత్తయ్య పంపే కాగితాలు అచ్చులో అద్దంలా ఉండేవిట, వీళ్ళ మిషను మీద తెరిస్తే మాత్రం ఎప్పుడూ వరసలు జారేవిట. గుమాస్తా కూర్చుని ఒక్కో పంక్తీ సర్దుకునేవాడట. ఏడేళ్ళుగా.

"నాకు ఒక్కమాట చెప్పి ఉండాల్సిందండీ" అంది అత్తయ్య.

"మీ పనంటే మీకెంత ప్రాణమో మాకు తెలుసు. ఆ మాత్రం సర్దడం మాకొక పనా?" అన్నాడు గుమాస్తా, కాగితాల్లోకి చూస్తూ.

ఇంటికి నడుస్తూ అత్తయ్య గుమాస్తా మాటే తలుచుకుంది. వీధిలో తనంత నిటారుగా వరసలు కొట్టేవాళ్ళు లేరని ఇన్నేళ్ళూ అనుకుంది. ఆ వరసల్ని వెనకాల ఎవరో చెయ్యిపెట్టి నిలబెడుతున్నారని ఇవాళ తెలిసింది. సిగ్గుగానే ఉంది. కానీ ఆ సిగ్గు వెనకాలే ఇంకేదో వెచ్చగా ఉంది, దానికి పేరు తెలియలేదు. మనకి తెలియకుండా మనకోసం పనిచేసేవాళ్ళు ఇంతమంది ఉంటారా అనుకుంది.

ఇంట్లోకి రాగానే టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళింది. టీపొడి డబ్బా అందుకుంది. మూత ఇట్టే తిరిగింది. తిరిగిన చెయ్యి అలాగే ఆగింది.

డబ్బా కింద పెట్టింది. చక్కెర డబ్బా మూత పట్టుకుంది. సగం చుట్టు, అంతే, వచ్చేసింది. ఉప్పు డబ్బా. పప్పు డబ్బా. మందుల సీసా. అన్నీ సరిగ్గా సగం చుట్టే వదులు. మరలు అరిగిపోతే అన్నీ ఒకే కొలతలో అరుగుతాయా? ఉప్పు డబ్బా మూత తీసి మరలు తడిమి చూసింది. కొత్తవాటిలా గట్టిగా ఉన్నాయి.

"అమ్మాయ్" అని పిలిచింది.

కోడలు గుమ్మంలోకి వచ్చింది. వరసగా మూతలు తీసి ఉన్న డబ్బాల్ని చూసింది. తల వంచుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"వచ్చిన రెండో వారం నుంచి. పొద్దున మీరు లేవకముందు."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే మీరు ఒప్పుకునేవారా?"

అత్తయ్యకి సోమవారం ఇదే మాట ఇంకో నోటినుంచి విన్న సంగతి గుర్తొచ్చింది. మాట అదే. ఆ రోజు ఒళ్ళు మండింది, ఇవాళ కళ్ళు మండాయి. పొయ్యి వైపు తిరిగి రెండు కప్పులకి నీళ్ళు పెట్టింది. టీ అయ్యేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

శుక్రవారం పొద్దున కొట్టు తెరిచాక, జిరాక్సు మిషను తుడుస్తున్న కోడలికి వెనకాల ఏదో లాగుతున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే అత్తయ్య చెక్క కుర్చీ మీది పై దిండు తీసి, పక్కనున్న ముక్కాలిపీట మీద వేసుకుని, దానిమీద కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితాలు, చేతిలో స్కేలు. ఇంకో దిండు కుర్చీ మీదే ఉంది. కోడలు పొడుగు మనిషి, ఆ పిల్లకి ఒక్కటి చాలు.